మిరపకాయ టపా నుంచి వాట్సాప్ దాకా: గూడెం మాట ఎట్లా నడిచింది

 పోస్టు కొంచెం పెద్దది. తీరిగ్గా కూర్చొని చదవండి. ఇంట్లో చదవడం రానోళ్లు ఉంటే చదివి వినిపించండి.

మొన్న ఒక తమ్ముడు అడిగాడు. "అన్నా, మన మండలంలో ఇన్ని గ్రూపులున్నాయి, రోజుకి వందల మెసేజ్‌లు వస్తన్నాయి, మరి మా ఊరి గ్రామసభకి ముప్పై మంది కూడా ఎందుకు రావట్లేదు?" నాకు వెంటనే జవాబు దొరకలేదు. నేను డిగ్రీలో చరిత్ర చదువుతున్నా. మా ఇంట్లో కాలేజీ దాకా వచ్చింది నేనే మొదలు. హాస్టల్లో ఉండి చదువుకునే పుస్తకాల్లో మన ప్రాంతం పేరు ఎక్కడ కనిపించినా ఆగి రెండుసార్లు చదువుతా. అట్లా చదువుతుంటే తమ్ముడి ప్రశ్నకి కొంత జవాబు దొరికింది. మాట పంపడం మనకి కొత్త కాదు. మాట పంపే ముందు మన పెద్దలు చేసిన పని ఒకటుంది, మనం దాన్ని వదిలేశాం. అదేంటో చెప్పడానికే ఈ పోస్టు.

1. మామిడి కొమ్మ, మట్టి ముద్ద, మిరపకాయ

చర్ల, దుమ్ముగూడెం దాటితే అవతల బస్తర్. మన చుట్టాలు అక్కడ కూడా ఉన్నారు. 1905లో బ్రిటిష్ ప్రభుత్వం బస్తర్ అడవిలో మూడింట రెండు వంతులు రిజర్వు ఫారెస్టు చేస్తామని ప్రతిపాదన పెట్టింది. అంటే పోడు బంద్, వేట బంద్, అడవిలో ఏరుకునేది బంద్. అప్పటికే భూమి శిస్తు, వెట్టిచాకిరి, 1899-1900లో, మళ్లీ 1907-08లో కరువు. జనం గ్రామ పంచాయితీల్లో, సంతల్లో, పండగల్లో, నాలుగూళ్ల పెద్దలు పూజారులు కలిసిన ప్రతిచోటా ఈ సంగతే మాట్లాడుకోవడం మొదలుపెట్టారు. కాంగేర్ అడవిలోని ధుర్వా జనం ముందుకొచ్చారు. నేతానార్ ఊరి గుండాధుర్ పేరు బయటికొచ్చింది.

1910లో ఊరి నుంచి ఊరికి కొన్ని వస్తువులు తిరగడం మొదలైంది. మామిడి కొమ్మ, ఒక మట్టి ముద్ద, మిరపకాయలు, బాణాలు. అవి అందిన ఊరికి అర్థం తెలుసు: తిరగబడుతున్నాం, మీరు కూడా రండి. ప్రతి ఊరూ ఖర్చుకి తనకి తోచింది ఇచ్చింది. దాన్నే భూమ్‌కాల్ అంటారు. ఫిబ్రవరి నుంచి మే దాకా, అంటే మూడు నెలలు పట్టింది ప్రభుత్వానికి మళ్లీ పట్టు తెచ్చుకోవడానికి. గుండాధుర్ మాత్రం చివరిదాకా దొరకలేదు. ఎంతో మంది చనిపోయారు, ఊళ్లు ఖాళీ అయ్యాయి. కానీ రిజర్వు పని కొన్నాళ్లు ఆగింది, ముందు అనుకున్న అడవిలో దాదాపు సగానికే పరిమితం చేశారు.

ఇక్కడ ఒకటి గమనించండి. మామిడి కొమ్మ ముందు రాలేదు. ముందు జనం కూర్చున్నారు, నెలల తరబడి మాట్లాడుకున్నారు, ఒక మాట మీదికి వచ్చారు. ఆ తర్వాతే కొమ్మ బయల్దేరింది. అందుకే ఒక మిరపకాయకి అంత బరువు.

2. రేకపల్లి కథ

అది పక్క రాష్ట్రం సంగతి, మన దగ్గర ఏం జరిగింది అంటారా? ఇంకా ముందే జరిగింది.

గోదావరికి ఎడమ ఒడ్డున ఉన్న భద్రాచలం, రేకపల్లి ప్రాంతాలు ముందు నిజాం కింద ఉండేవి. 1860లో నిజాం వాటిని బ్రిటిష్ వాళ్లకి అప్పగించాడు. మధ్య పరగణాల్లో ఎగువ గోదావరి జిల్లా అని పెట్టి అందులో కలిపారు. 1874లో అక్కడి నుంచి తీసి మద్రాసు రాష్ట్రంలోని గోదావరి జిల్లాకి ఇచ్చారు. గూడెంలో ఉన్నోళ్లకి దీని సంగతి ఎట్లా తెలిసిందంటే, పోడు పన్ను పెరిగినప్పుడు తెలిసింది. మద్రాసు ప్రభుత్వం వచ్చాక పోడు మీద పన్ను దాదాపు మూడింతలు చేసింది. కొన్నిచోట్ల అసలు పోడు కొట్టొద్దని ఆపేసింది.

1879లో రంపలో కల్లు పన్ను మీద, ముఠాదారు అన్యాయాల మీద జనం లేచారు. ఆ ఏడాదే ఆ మంట రేకపల్లికి పాకింది. ఈ రేకపల్లి ఇప్పటి వీఆర్ పురం మండలంలోది. రంపకి, రేకపల్లికి మధ్య అడవులు, కొండలు. టెలిగ్రాఫ్ తీగ ప్రభుత్వం చేతిలో ఉంది, మనోళ్ల చేతిలో కాలినడక ఉంది. అయినా మాట చేరింది. ఎందుకంటే రెండుచోట్లా కడుపు మండిన కారణం ఒక్కటే.

3. మిరపకాయ టపా

అల్లూరి సీతారామరాజు సంగతి అందరికీ తెలుసు. కానీ ఆయన వెంట నిలబడ్డ గాం గంటందొర, గాం మల్లుదొర, పేరు లేని వందల మంది మన్యం జనం సంగతి తక్కువ మందికి తెలుసు. 1882 మద్రాసు అటవీ చట్టం పోడుకి అడ్డం పడింది. ఘాట్ రోడ్డు పనిలో కూలి సరిగ్గా ఇవ్వకుండా చేయించుకున్నారు. 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి పోలీస్ స్టేషన్ల మీద దాడి చేశారు. ఆ తర్వాత దాడికి ముందే బాణానికి మిరపకాయలు కట్టి కబురు పంపేవాళ్లని, ఫలానా చోటికి వస్తున్నాం కాచుకోండి అని చెప్పేవాళ్లని జనం ఇప్పటికీ చెప్పుకుంటారు. దానికి మిరపకాయ టపా అని పేరు.

టపా అంటే పోస్టు. ఇప్పుడు మనం ఫోన్లో పెట్టేదాన్ని కూడా కొందరు టపా అనే అంటారు. మాట ఒకటే. ఆ టపాలో మూడే సంగతులు ఉండేవి: ఎవరు, ఎక్కడికి, ఎప్పుడు. చదవడం రానోడికి కూడా అర్థమయ్యేది. ఇది గుర్తుపెట్టుకోండి, కింద మళ్లీ అవసరం పడుతుంది.

4. మనల్ని అడగకుండా మారిన పటం

ఇప్పుడు అటువైపు చూద్దాం. మనోళ్లు మాట పంపుకున్నారు సరే, ప్రభుత్వం మనకి మాట ఎట్లా పంపింది? డప్పు కొట్టి చాటింపు, లేకపోతే కాగితం. చాటింపులో చెప్పేది వినడానికే, జవాబు చెప్పడానికి కాదు. కాగితం అయితే మనకి రాని భాషలో ఉండేది.

మన భద్రాచలం పటం ఎన్నిసార్లు మారిందో చూడండి. 1860లో నిజాం నుంచి బ్రిటిష్ చేతికి. 1874లో మధ్య పరగణాల నుంచి మద్రాసుకి. స్వాతంత్ర్యం వచ్చాక 1953లో ఖమ్మం జిల్లా ఏర్పడింది, 1959లో భద్రాచలం, నూగూరు వెంకటాపురం తాలూకాలని తూర్పుగోదావరి నుంచి తీసి ఖమ్మంలో కలిపారు. 2014లో తెలంగాణ వచ్చిన కొత్తలోనే పోలవరం ప్రాజెక్టు కోసం చింతూరు, కూనవరం, వీఆర్ పురం, కుక్కునూరు, వేలేరుపాడు మండలాలు, భద్రాచలం పట్టణం తప్ప ఆ మండలంలోని మిగతా ఊళ్లు, బూర్గంపాడు మండలంలో కొన్ని ఊళ్లు ఆంధ్రప్రదేశ్‌కి పోయాయి. ముందు ఆర్డినెన్స్, తర్వాత జూలైలో పార్లమెంటులో బిల్లు. 2016 అక్టోబర్ 11న ఇటు మిగిలిన మనం భద్రాద్రి కొత్తగూడెం జిల్లా అయ్యాం. 2022లో అటు పోయినోళ్లలో కొందరు అల్లూరి సీతారామరాజు జిల్లా, కొందరు ఏలూరు జిల్లా అయ్యారు.

ఒక ముసలమ్మ అదే గుడిసెలో అదే పొయ్యి దగ్గర కూర్చొని ఉంటే, ఆమె చుట్టూ జిల్లా మారింది, రాష్ట్రం మారింది, కలెక్టర్ ఆఫీసు దూరం మారింది. ఎటపాక, పురుషోత్తపట్నం, గుండాల, కన్నాయిగూడెం, పిచ్చుకలపాడు వాళ్లు భద్రాచలానికి ఆనుకుని ఉంటారు. సరుకులకి, ఆసుపత్రికి భద్రాచలం వస్తారు, సంతకానికి మాత్రం వేరే రాష్ట్రం పోవాలి. మమ్మల్ని తెలంగాణలో కలపండి అని ఆ ఊళ్ల నుంచి డిమాండ్ ఇంకా వినిపిస్తనే ఉంది.

రాష్ట్రాల హద్దులు మార్చేటప్పుడు రాజ్యాంగం 3వ అధికరణం ప్రకారం రాష్ట్ర శాసనసభ అభిప్రాయం అడగాలి. గూడెం అభిప్రాయం అడగాలని అందులో లేదు. అయితే గూడెంని అడగాల్సిందే అని చెప్పే చట్టం అసలు లేదా? ఉంది. మనలో చాలామందికి పేరు తెలుసు, లోపల ఏముందో తెలియదు.

5. గూడెమే ఊరు అని చెప్పిన చట్టం

మనది రాజ్యాంగం ఐదో షెడ్యూల్ ప్రాంతం. 1959లో భూమి బదలాయింపు నిబంధన వచ్చింది, 1970లో దాన్ని గట్టి చేశారు. మనోళ్లు వన్ ఆఫ్ సెవెంటీ అనేది దాన్నే. ఏజెన్సీలో భూమి గిరిజనేతరులకి పోకూడదని చెప్పింది. 1997 జూలై 11న సమత కేసులో సుప్రీంకోర్టు, ప్రభుత్వ భూమి అయినా సరే షెడ్యూల్డ్ ప్రాంతంలో ప్రైవేటు గనుల కంపెనీలకి లీజుకి ఇవ్వకూడదని తీర్పు చెప్పింది.

ఈ రెండిటి మధ్యలో 1996 డిసెంబర్ 24న పెసా చట్టం వచ్చింది. దిలీప్ సింగ్ భూరియా కమిటీ సిఫార్సుల మీద కట్టిన చట్టం ఇది. దీని వెనక బస్తర్‌లో కలెక్టర్‌గా చేసిన బీడీ శర్మ లాంటోళ్ల కృషి ఉంది. "మావా నాటె మావా రాజ్", మన ఊళ్లో మన రాజ్యం అనే నినాదం అప్పటిదే. మన భాష వచ్చినోళ్లకి దాని అర్థం విడమరిచి చెప్పక్కర్లేదు.

పెసాలో నాకు అన్నిటికన్నా నచ్చింది ఊరు అనే మాటకి ఇచ్చిన అర్థం. ఒక ఆవాసం, లేదా కొన్ని ఆవాసాలు, తమ ఆచారం ప్రకారం తమ పనులు చూసుకునే జనం, అదే ఊరు. అంటే పది కిలోమీటర్ల అవతల ఉన్న పంచాయతీ ఆఫీసు కాదు, మన గూడెమే ఊరు. ఆ ఊళ్లో ఓటరు జాబితాలో పేరున్న ప్రతి ఒక్కరూ గ్రామసభ సభ్యులు. భూసేకరణకి ముందు సంప్రదించడం, చిన్నతరహా అటవీ ఉత్పత్తుల మీద హక్కు, సారా, వడ్డీ వ్యాపారం, సంతల మీద అదుపు, పథకాలకి లబ్ధిదారుల ఎంపిక, ఇవన్నీ అందులో ఉన్నాయి. మన రాష్ట్రంలో దీనికి నియమాలు రావడానికి 2011 దాకా పట్టింది. అంటే చట్టం పుట్టాక పద్నాలుగేళ్లు.

2006 అటవీ హక్కుల చట్టం ఇంకో మెట్టు ఎక్కింది. పోడు పట్టా దరఖాస్తు మొదలయ్యేది గ్రామసభలోనే. అటవీ హక్కుల కమిటీని ఎన్నుకునేది గ్రామసభే. 2021 చివర్లో దరఖాస్తులు తీసుకుని 2023 జూన్ 30న తెలంగాణలో పోడు పట్టాల పంపిణీ మొదలైంది. సుమారు 1.51 లక్షల మందికి 4.06 లక్షల ఎకరాలు అని ప్రభుత్వం చెప్పింది. అందులో పెద్ద వాటా మన జిల్లాదే. పట్టా వచ్చినోళ్లు సంతోషం. రానోళ్లు తమ దరఖాస్తు ఎక్కడ ఆగిందో తెలుసుకోవాలంటే మొదట చూడాల్సింది గ్రామసభ రిజిస్టర్.

గ్రామసభకి నిజంగా బలం ఉందా అని అనుమానం ఉంటే ఒడిశాలోని నియమగిరి చూడండి. 2013 ఏప్రిల్ 18న సుప్రీంకోర్టు, ఆ కొండ మీద గనుల సంగతి గ్రామసభలే తేల్చాలని చెప్పింది. ఆ జూలై, ఆగస్టుల్లో 12 గ్రామసభలు జరిగాయి. డోంగ్రియా కోందులు, వాళ్ల పక్కన ఉండే జనం ఒక్కొక్కరే లేచి తమ భాషలో మాట్లాడారు. 12కి 12 వద్దన్నాయి. కంపెనీ ఆ కొండ మీద గని తవ్వలేదు. అక్కడ గెలిపించింది ఫార్వర్డ్ మెసేజ్ కాదు. సభకి వచ్చిన మనుషులు, రిజిస్టర్‌లో పడ్డ వేలిముద్రలు.

6. ఫోన్ వచ్చింది

2010లో ఛత్తీస్‌గఢ్‌లో సీజీనెట్ స్వర అని ఒకటి మొదలైంది. బీబీసీలో పనిచేసిన శుభ్రాంశు చౌదరి దాన్ని మొదలుపెట్టారు. స్మార్ట్‌ఫోన్ అవసరం లేదు, చదువు అవసరం లేదు. ఒక నంబర్‌కి ఫోన్ చేసి తమ ఊరి సంగతి తమ భాషలో చెప్పొచ్చు. గోండిలో కూడా చెప్పొచ్చు. వాళ్లు సరిచూసి, వేరేవాళ్లు ఫోన్ చేసి వినేటట్లు పెట్టేవాళ్లు. కూలి రాలేదు, పంతులు రావట్లేదు, బోరింగు పాడైంది అని చెప్పి, ఆ సంగతి చూడాల్సిన అధికారి నంబర్ కూడా చెప్పేవాళ్లు. విన్నోళ్లు ఆ అధికారికి ఫోన్ చేసేవాళ్లు. పని అయ్యాక, అయిందని మళ్లీ ఫోన్ చేసి చెప్పేవాళ్లు. తర్వాత బుల్టూ రేడియో అని పెట్టి, ఈ మాటల్ని బ్లూటూత్‌తో ఫోన్ నుంచి ఫోన్‌కి పంచుకునేటట్లు చేశారు. నెట్ లేని ఊళ్లో కూడా మాట నడిచింది.

దీంట్లో మూడు మంచి పద్ధతులు ఉన్నాయి. మాట మన భాషలో ఉంది. మాటతో పాటు ఎవరిని అడగాలో ఉంది. చివర్లో జవాబు వచ్చిందా లేదా అన్నది ఉంది.

2016లో డేటా చవకైంది, మన గూడేల్లోకి కూడా వాట్సాప్ వచ్చింది. అప్పటి నుంచి మంచీ చెడూ రెండూ చూశాం.

మంచి ఏంటంటే, 2022 జూలై వరద. జూలై 16న భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకి చేరింది. 1986లో వచ్చిన 75.6 అడుగుల తర్వాత అదే పెద్దది. ఆ రోజుల్లో మా ఫోన్లలో తిరిగిన మెసేజ్ ఒకటే: ఇన్ని గంటలకి ఇన్ని అడుగులు. 43 అంటే మొదటి హెచ్చరిక, 48 రెండు, 53 మూడు. నంబర్ చూడగానే ఏ ఊరోళ్లు సామాను సర్దాలో, ఏ దారి మునుగుతుందో తెలిసిపోయేది. పొడుగు మాటల్లేవు. సరిగ్గా మిరపకాయ టపా లాగానే.

చెడు ఏంటంటే, 2018లో పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయని వచ్చిన పుకార్లు. తెలంగాణలో కూడా అమాయకుల్ని కొట్టారు. ఆ ఏడాది జూలై 1న మహారాష్ట్ర ధులే జిల్లా రైన్‌పాడాలో అయిదుగురు సంచార జాతి మనుషుల్ని గుంపు కొట్టి చంపింది. వాళ్లని కొట్టింది ఊరి పంచాయతీ ఆఫీసు గదిలో. ఊరి మంచి కోసం కట్టిన గది అది. మాట సరిచూసుకోకుండా నడిస్తే ఏమవుతుందో చెప్పడానికి ఇంతకన్నా ఉదాహరణ అక్కర్లేదు. ఆ తర్వాతే వాట్సాప్ మన దేశంలో ఒకేసారి అయిదుగురికి మించి ఫార్వర్డ్ చేయకుండా కట్టడి పెట్టింది.

ఇంకోటి కూడా గుర్తు చేస్తా. 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు జీవో 3ని కొట్టేసింది. 2000 సంవత్సరంలో వచ్చిన ఆ జీవో వల్ల ఏజెన్సీ బడుల్లో టీచర్ పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే ఉండేవి. అప్పుడు లాక్‌డౌన్, ఆశ్రమ పాఠశాల మూసేస్తే నేను ఇంట్లో ఉన్నా. తీర్పు సంగతి మా దాకా ఫోన్లోనే వచ్చింది. టీచర్ అవ్వాలనుకున్న మా అక్కలు ఆ రోజు అన్నం తినలేదు. స్టేటస్‌లలో కోపం కొన్ని నెలలు నడిచింది. కానీ ఆ కోపం ఎన్ని గూడేల్లో గ్రామసభ తీర్మానం అయ్యింది, ఎన్ని తీర్మానాలు ఐటీడీఏకి, గిరిజన సలహా మండలికి, గవర్నర్‌కి పోయాయి? మీ ఊరి రిజిస్టర్ తీసి చూడండి. స్టేటస్ 24 గంటల్లో పోతుంది, తీర్మానం రిజిస్టర్‌లో ఉంటుంది.

7. లైకు కోరం కాదు

తమ్ముడి ప్రశ్నకి జవాబు ఇక్కడుంది. మన పెద్దలు ముందు కూర్చున్నారు, తర్వాత టపా పంపారు. మనం టపా పంపి, అదే కూర్చోవడం అనుకుంటున్నాం.

అటవీ హక్కుల చట్టం నియమాల ప్రకారం గ్రామసభ సభ్యుల్లో కనీసం సగం మంది రావాలి. వచ్చినోళ్లలో కనీసం మూడో వంతు ఆడవాళ్లు ఉండాలి. మీ గూడెంలో 300 మంది ఓటర్లుంటే 150 మంది రావాలి, వాళ్లలో 50 మంది ఆడవాళ్లు ఉండాలి. గ్రూపులో 256 మంది ఉన్నా, అందరూ బొటనవేలు గుర్తు పెట్టినా, చట్టానికి అది సున్నా. సభలో పడ్డ వేలిముద్రే లెక్క.

2025 జనవరి 21 నుంచి 24 దాకా తెలంగాణ అంతా గ్రామసభలు పెట్టి రైతు భరోసా, రేషన్ కార్డులు, ఇందిరమ్మ ఇళ్లు, ఇందిరమ్మ ఆత్మీయ భరోసా జాబితాలు చదివారు. చాలాచోట్ల పేర్లు లేవని గొడవలయ్యాయి. అప్పటికి సర్పంచుల పదవీకాలం అయిపోయి ఏడాది కావస్తోంది, ప్రత్యేకాధికారుల పాలన నడుస్తోంది. ఆ నెలల్లో మన దగ్గర చాలామంది మిరప తోటల్లో కాయ ఏరడానికి పోయి ఉంటారు. ఇంట్లో లేనోడి పేరు జాబితాలో లేకపోతే అడిగేదెవరు? ఇక్కడే ఫోన్ పనికొస్తది. మిరప తోటలో ఉన్న అన్నకి రెండు రోజుల ముందు కబురందితే, ఒక్క రోజు కూలి పోయినా సరే వచ్చి నిలబడొచ్చు, లేదా ఇంట్లోవాళ్లని పంపొచ్చు.

గ్రూపులో లేనోళ్లు కూడా గుర్తుండాలి. మన అమ్మలు చాలామందికి సొంత ఫోన్ లేదు. సరిహద్దు గూడేల్లో టవర్ అందదు, చెట్టెక్కితేనో గుట్టెక్కితేనో ఒక గీత వస్తది. 2005లో సల్వాజుడుం మొదలయ్యాక బస్తర్ నుంచి ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని వచ్చిన గుత్తికోయలు మన పక్కనే ఉన్నారు. అటవీ హక్కుకి 2005 డిసెంబర్ 13 గడువు తేదీ. వాళ్లలో చాలామందికి ఇక్కడ ఎస్టీ కాగితం కూడా రాదు. వాళ్లలో ఓటరు జాబితాలో పేరు లేనోళ్లు సభలో లెక్కకి రారు, కానీ వాళ్ల నీళ్లు, వాళ్ల పిల్లల బడి సంగతి సభలో మాట్లాడాల్సింది మనమే. సరిహద్దులో ఇంకో భయం కూడా ఉంది. ఎవరి ఫోన్లో ఎవరి నంబర్ ఉందన్నది కూడా ప్రశ్న అయిన రోజులు మన పెద్దలు చూశారు. అందుకే కొందరు పెద్దలు గ్రూపులో చేరరు. వాళ్లని తప్పుపట్టకండి, ఇంటికెళ్లి చెప్పండి.

8. మనం చేయగలిగేది

ఉపన్యాసం చెప్పి వదిలేయడం నాకిష్టం లేదు. హాస్టల్లో నలుగురం కూర్చొని రాసుకున్నవి ఇవి.

ఒకటి. గ్రామసభ మెసేజ్ వరద మెసేజ్ లాగా ఉండాలి: ఏ రోజు, ఎన్ని గంటలకి, ఎక్కడ, ఏ సంగతి మీద, నోటీసు ఎవరిచ్చారు. నోటీసు కాగితం ఫోటో కూడా పెట్టాలి. దాని కింద గుడ్ మార్నింగ్ పూలు వద్దు.

రెండు. ఒక నిమిషం మాట కోయలో రికార్డు చేసి పెట్టండి. ఫోన్ ఉన్న ఒక్కడు బోరింగు దగ్గర, తునికాకు కల్లం దగ్గర, సంతలో దాన్ని వినిపిస్తే చాలు. డప్పు చాటింపు మానొద్దు. ఫోన్ ఒకటి, డప్పు ఒకటి, రెండూ కావాలి.

మూడు. సభ అయిన సాయంత్రమే తీర్మానం పేజీ ఫోటో తీసి గ్రూపులో పెట్టండి. ఖాళీ పేజీ మీద సంతకం, వేలిముద్ర వేయొద్దని ఇంట్లోవాళ్లకి చెప్పండి. పేజీ చూపించకపోతే సమాచార హక్కు చట్టం కింద అడగండి. ఊరి స్థాయి ఆఫీసులో ఆ దరఖాస్తుకి ఫీజు లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు. 30 రోజుల్లో జవాబివ్వాలి.

నాలుగు. 18 నిండిన ప్రతి ఒక్కరూ ఓటరు జాబితాలో పేరు ఎక్కించుకోండి. పేరు లేకపోతే మనం గ్రామసభ సభ్యులమే కాదు. ఇప్పుడు ఏడాదికి నాలుగు తేదీల లెక్కన, అంటే జనవరి, ఏప్రిల్, జూలై, అక్టోబర్ ఒకటో తేదీకి 18 నిండితే నమోదు చేసుకోవచ్చు. హాస్టల్లో ఉన్నా ఇంటి దగ్గరే పేరు ఉంచుకోవచ్చు, నా మాట అదే.

ఐదు. గ్రూపుకి ఇద్దరు అడ్మిన్లు, అందులో ఒకరు ఆడపిల్ల. ఏ పార్టీ వాళ్లదీ కాని గ్రూపు. అడ్మిన్ కొత్త పటేల్ అయిపోకుండా ఆరు నెలలకోసారి మార్చండి. ఎవరు చెప్పారో తెలియని మెసేజ్ ముందుకు పంపొద్దు. ఆధార్, బ్యాంకు పుస్తకం, పట్టా కాగితాల ఫోటోలు గ్రూపులో పెట్టొద్దు.

ఆరు. సీజీనెట్ వాళ్ల లాగా చివరి మాట కూడా రాయండి. ఫలానా తేదీన ఫలానా ఆఫీసులో తీర్మానం ఇచ్చాం, ఫలానా రోజు జవాబు వచ్చింది, లేదా ఇంకా రాలేదు. అడిగిన ప్రశ్న జవాబు వచ్చేదాకా గ్రూపులో బతికి ఉండాలి.

తెలంగాణ పంచాయతీరాజ్ చట్టం 2018 ప్రకారం రెండు నెలలకోసారి గ్రామసభ జరగాలి. అంటే ఏడాదికి ఆరు. మీ ఊళ్లో కిందటి ఏడాది ఎన్ని జరిగాయి, ఒక్కోదానికి ఎంతమంది వచ్చారు, అందులో ఆడవాళ్లు ఎంతమంది? తెలిస్తే కింద రాయండి. తెలియకపోతే ఈ సెలవుల్లో ఇంటికెళ్లినప్పుడు రిజిస్టర్ అడిగి చూడండి. మండలాల వారీగా ఆ లెక్క రాసిపెట్టే పని మా హాస్టల్ వాళ్లం తీసుకుంటాం.

గుండాధుర్ కాలంలో ప్రతి ఊరూ మిరపకాయతో పాటు తనకి తోచింది ఇచ్చింది. మనం ఇవ్వాల్సింది రెండు నెలలకి ఒక్క పూట.

ఇట్లు,
మీ తమ్ముడు, హాస్టల్ విద్యార్థి
జై ఆదివాసీ